ఇనుము, గంధకము, ఒక చిన్న ఘనము

హైదరాబాదులో ఆబిడ్స్ నుండి నాంపల్లివైపు పోయేవారికి మొజంజాహీ మార్కెట్ గడియారపు గోపురం పరిచితమైనదే. ఏడవ నిజాము రెండవ కుమారుని పేరిట 1935లో గ్రానైటు రాతితో కట్టిన కట్టడమది. గడియారంలో ముల్లు తిరగడం వీధిలో నిలిచిన ప్రతివారికీ కనబడుతుంది. అది ఎట్లా తిరుగుతున్నదో తెలియాలంటే మాత్రం లోపలికి పోయి, ఏ పళ్ళచక్రం ఏ చక్రాన్ని పట్టుకొన్నదో చూడాలి. జీవకణం విషయమూ ఇంతే. ఆ లోపలి చక్రాలలో ఒకదానిని గురించి శ్రోతలకు మనవి చేస్తాను.

కణం ఆహారం నుండి శక్తిని గ్రహించడమంటే, ఎలక్ట్రానులను ఒక పదార్థం నుండి తీసి మరొక పదార్థానికి అందించడమే. ఈ అందించే పని చేసే ప్రోటీనులు ఎన్నో ఉన్నవి. 1962లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో మార్టెన్సన్, వాలెంటైన్, కార్నహన్ అనే మువ్వురు, గాలి తగలని నేలలో బ్రతికే ఒక సూక్ష్మజీవి నుండి గోధుమవన్నె గల చిన్న ప్రోటీనును వేరుచేశారు. దానికి ఫెర్రిడాక్సిన్ అని పేరు వచ్చినది. లాటిన్ భాషలో ఫెర్రమ్ అనగా ఇనుము. దానిపై ఆమ్లం పోస్తే కుళ్ళిన గ్రుడ్ల వాసన వచ్చేది. అంటే అందులో గంధకం కూడా ఉన్నదన్నమాట. కాని ఆ ఇనుము, ఆ గంధకం ఏ అమరికలో ఉన్నవో రసాయన పరీక్ష చెప్పలేకపోయినది.

చెప్పగలిగినది స్ఫటికం. ప్రోటీను ద్రావణాన్ని ఓపికగా గట్టిపడనిస్తే, కండచక్కెర పలుకులవలె స్ఫటికాలు ఏర్పడతాయి. వాటి గుండా ఎక్స్-కిరణాలను పంపితే అవి చెదరి చుక్కల వరుసలుగా పడతాయి. ఆ చుక్కల తీవ్రతలను కొలిచి, గణితం సహాయంతో పరమాణువుల స్థానాలను నిర్ణయిస్తారు. ఈ విధంగానే 1973లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ ఆడ్మన్, లారీ సీకర్, లైల్ జెన్సెన్ ఒక సూక్ష్మజీవి ఫెర్రిడాక్సిన్ రూపాన్ని ప్రకటించారు.

ఏమి కనబడినది? 54 అమైనో ఆమ్లాల గొలుసు, దాని మడతలలో రెండు చిన్న ఘనాలు. ఒక్కొక్క ఘనానికి ఎనిమిది మూలలు. నాలుగింట ఇనుము, నాలుగింట గంధకం, ఒకటి విడిచి ఒకటి. ఒక్కొక్క ఘనాన్ని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు పట్టుకొని ఉన్నవి. అందులో మూడు గొలుసు ఒక సగం నుండి, నాలుగవది రెండవ సగం నుండి వస్తున్నవి! గొలుసు వరుసను మాత్రమే చదివినవారికి ఈ పెనవేత తెలియదు. రెండు ఘనాల నడుమ దూరం సుమారు 1.2 నానోమీటర్లు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. ఎలక్ట్రాను వచ్చినా పోయినా ఘనం ఆకారం దాదాపు మారదు. కనుకనే ఇచ్చిపుచ్చుకోవడం అంత సులభం.

ఇది పండితుల వినోదం మాత్రమే కాదు. అమీబా వలన కలిగే జిగట విరేచనాలకు వైద్యులు మెట్రోనిడజోల్ అనే మందు ఇవ్వడం మీరెరుగుదురు. ఆ మాత్ర తానుగా విషం కాదు. అమీబాలోనూ, గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవులలోనూ ఇటువంటి ఫెర్రిడాక్సిన్ ఉన్నది. అది తన ఎలక్ట్రానును ఆ మందుకు అందిస్తుంది. అందుకొన్న మందు తీవ్రరూపం దాల్చి, ఇచ్చినదానినే చంపుతుంది. మన కణాలలోనూ ఇనుము–గంధకపు కూర్పులు ఉన్నవి గాని, ఆ మందును అట్లా మార్చగలంత బలంగా ఎలక్ట్రానును నెట్టే ఏర్పాటు లేదు. ఒకే మాత్ర శత్రువుకు విషమై, మనకు ఔషధమగుటలోని కీలకమిదే. అయితే కొన్ని పరాన్నజీవులు ఫెర్రిడాక్సిన్‌ను తగ్గించుకొని మందుకు లొంగకుండా పోవడం కూడా శాస్త్రజ్ఞులు చూశారు. కనుక మందును వైద్యుడు చెప్పినప్పుడే, చెప్పినన్నాళ్ళూ వాడడం మేలు.

ఈ విద్య మన నగరానికి దూరమైనది కాదు. మొజంజాహీ మార్కెట్‌కు చేరువగా నాంపల్లిలో చాలాకాలం పనిచేసి, నేడు ఉప్పల్‌లో ఉన్న డి.ఎన్.ఎ. వేలిముద్రల సంస్థలో నాడు పనిచేసిన శేఖర్ మాండే, ఆయన సహచరులు, క్షయ సూక్ష్మజీవిలోని థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ప్రోటీను స్ఫటిక నిర్మాణాన్ని 2005లో ప్రకటించారు. దానిలో ఇనుప ఘనం లేదు. కాని వృత్తి అదే, ఎలక్ట్రానులను అందించడం. క్షయ నేటికీ మన దేశంలో లక్షలాది కుటుంబాలను పీడిస్తున్నది. ఆ సూక్ష్మజీవి ఏ చక్రంతో నడుస్తున్నదో తెలిస్తేనే, ఆ చక్రాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ముల్లును చూసి కాలం తెలుసుకొనడం అందరికీ చాలును. ఆగిన గడియారాన్ని బాగుచేయవలసినవానికి, ఆడుతున్న శత్రువు గడియారాన్ని ఆపవలసినవానికి మాత్రం లోపలి చక్రాలు తెలియక తప్పదు.