అనుమానితుల జాబితా ఎవరు రాశారు?



ఐడీపీఎల్, హెచ్ఏఎల్ కార్మికుల పిల్లలు చదువుకున్న ఈ బాలానగర్ నుంచి, పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపు హైటెక్ సిటీకి క్యాబ్ ఎక్కుతారు. కొందరికి ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ రాసే పని పడుతుంది. అందుకే మీకు నేరాన్ని అధ్యయనం చేసిన ఒక సోషియాలజిస్టు గురించి చెప్పాలనుకుంటున్నాను.

కల్పనా కన్నబిరాన్ మన హైదరాబాద్‌లోనే పనిచేశారు. 1991లో అస్మిత మహిళా సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో అక్కడి విద్యార్థులకు సమాజశాస్త్రం చెప్పారు. తర్వాత ఇక్కడి కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్‌కు డైరెక్టరయ్యారు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ప్రమోషన్లు లెక్కపెట్టుకునే జీవితం కాదది.

వలస పాలన మన నేరశాస్త్రాన్ని ఎలా మలిచిందన్న విషయంపై 2008లో న్యాయ విద్యావేత్త రణబీర్ సింగ్‌తో కలిసి ఆమె ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించారు. ఆ పాలన 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టిన పసిబిడ్డను కూడా దొంగల లెక్కలో వేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ నిఘాలో పెట్టారు. చట్టం 1952లో రద్దయింది. మన సినిమావాళ్లకు మాత్రం ఆ సంగతి అందినట్టు లేదు: 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’!

చట్టం పోయినా అనుమానించే చూపు పోలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ అనే మహిళపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త వాళ్ల దెబ్బలకే చనిపోయాడని ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అయినా కేసు రాయచూరుకు బదిలీ అయి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ పొడుగునా బోనెక్కింది ఆమె నడవడికే. అత్యాచారం కేసుల్లో కోర్టులు మాట్లాడిన ఇలాంటి భాషనే కల్పన, తన తల్లి వసంతా కన్నబిరాన్‌తో కలిసి 2002లో వెలువరించిన వ్యాసాల్లో తరచి చూశారు.

ఇక మీరు రాయబోయే ముఖాల సాఫ్ట్‌వేర్ సంగతికి వద్దాం. దానికి మేత ఇలాంటి పోలీస్ స్టేషన్ల రికార్డే. ఆ రికార్డు ఏ బస్తీలో ఎక్కువ తనిఖీలు జరిగాయో చెబుతుంది. ఎక్కడ ఎక్కువ నేరం జరిగిందో చెప్పలేదు. బస్తీల్లోలాగా గేటెడ్ కమ్యూనిటీ తలుపు కొట్టి అర్ధరాత్రి ఆధార్ కార్డు అడిగేవాళ్లు ఎవరున్నారు? మొదటి ఉద్యోగంలో అలాంటి డేటా మీ ముందుకొస్తే, ఇది ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద రాశారని మీ మేనేజర్ని అడగండి. విసుక్కుంటాడు. అయినా జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి.