రొట్టె సముద్రం దాటింది

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, ఉఫిజీ చిత్రశాలకు దగ్గరలో, వియా దె నేరి అని ఒక ఇరుకు వీధి ఉంది. అక్కడి ‘ఆల్లాంతికో వినాయో’ దుకాణానికి వెళితే మీకు ముందు కనిపించేది రొట్టె కాదు, బారులు తీరిన జనం. ఆ రొట్టె పేరు స్కియాచ్చాతా, అంటే ‘నొక్కినది’. పిండిని వేళ్లతో నొక్కి, ఆలివ్ నూనె, ఉప్పు వేసి కాలుస్తారు. మధ్యకు చీల్చి పందిమాంసం, గొర్రెపాల జున్ను, కారం పట్టించిన వంకాయ పెడతారు. వంకాయ అక్కడా వదలలేదు చూడండి!

చేత పట్టుకుని వీధిలోనే తినేవారు ఎక్కువయ్యారు. 2018లో నగరపాలకులు భోజనవేళల్లో ఆ వీధి కాలిబాటల మీద, గడపల మీద ఆగి తింటే 150 నుంచి 500 యూరోల జరిమానా అన్నారు. ఇరుగుపొరుగు వారి ఇబ్బందీ నిజమే మరి.

2021లో ఈ దుకాణం న్యూయార్క్‌లో శాఖ తెరిచింది. ఊరు మారినా పేర్లు మార్చలేదు. ‘లా ఫావొలోసా’, అంటే అద్భుతమైనది, అక్కడా అదే పేరుతో అమ్ముతున్నారు. అర్థం కానివారు అడిగి తెలుసుకుంటారు.

ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మనకు ఇది చిన్న సంగతి కాదు. హోసూరులోనో బళ్లారిలోనో ఈ రాత్రి మీ విస్తట్లోకి వచ్చే వంటకాన్ని మీ పిల్లలు ఏ పేరుతో అడుగుతారో ఒకసారి వినండి. సెలవు.