“రాదు” అనే మాట



వేదాంత కళాశాలలో మా మొదటి ప్రసంగం సగంలోనే ఆగిపోయింది. “మాకు మాట్లాడడం రాదు” అని లోలోపల అనుకొంటూ సంవత్సరం పాటు వేదిక ఎక్కలేదు. ఆ మాట మరెవ్వరూ అనలేదు, మేమే అనుకొన్నాము.

బిషప్ అజరయ్యగారి మాతృభాష తమిళం. దోర్నకల్ పరిచర్య కొరకు పెద్దయిన పిదప తెలుగు నేర్చుకొన్నారు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. అది తెలిసిన నాడు మేము “రాదు” అనడం మాని, “ఇంకా రాలేదు” అనుకొన్నాము. సండేస్కూలు పిల్లలకు కథలు చెప్పడంతో తిరిగి మొదలుపెట్టాము.

మన సంఘంలో పరీక్ష తప్పిన బిడ్డలున్నారు. “నీవు పనికిరావు” అని మనం ఒక్కసారి అంటే, వారు తమలో తాము వేయిసార్లు అనుకొంటారు. “రా, కలిసి చదువుదాం” అని ఈ వారమే పిలుద్దాం.