జాగ్రత్త పనిముట్టులోనే ఉండాలి
(షోలాపూర్‌లో మన ట్రస్టు విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆపరేషన్ కత్తుల గురించి ఇతనికేం తెలుసని మీకు అనిపించవచ్చు. ఈ విషయం నేను వెతుక్కుంటూ వెళ్లింది కాదు, మా ఇంటికే వచ్చింది.

నా మేనకోడలు ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఒకరోజు ఆపరేషన్ అయ్యాక స్కాల్పెల్ పిడి నుంచి బ్లేడు ఊడదీస్తుంటే అది జారింది. గ్లవ్ చిరిగి వేలు తెగింది. రెండు కుట్లు పడ్డాయి. అసలు బాధ గాయం కాదు. అది రోగి రక్తం అంటిన బ్లేడు. హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. ఏవీ సోకలేదని తేలడానికి ఆరు నెలల పాటు రక్తపరీక్షలు చేయించుకోవలసి వచ్చింది. ఆ ఆరు నెలలూ మా చెల్లెలు కంటినిండా నిద్రపోలేదు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

పైవాళ్లు ఆమెను అడిగింది ఒక్కటే, "జాగ్రత్తగా ఉండొద్దా?" అని. దాచడమెందుకు, నేనూ అదే అన్నాను. అప్పుడా పిల్ల, "మామా, ఆ రోజు అది ఎనిమిదో ఆపరేషన్. మనిషి అలిసిపోతే జాగ్రత్త కూడా అలిసిపోతుంది" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటినుంచి తెలిసినవాళ్లను అడిగి, పుస్తకాలు చూసి నేర్చుకున్నది మీకు చెబుతాను.

బ్యాంకు స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు ఉంటాయి. ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒక్కరే తెరవలేరు. "జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ పంపి ఊరుకోలేదు, జాగ్రత్తను తాళంలోనే పెట్టారు. మీ ఇళ్లలోని మరమగ్గం సంగతీ అంతే. పేక దారం తెగితే చిన్న ఫోర్కు కనిపెట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. నేతగాడు అటువైపు చూడకపోయినా ఆగుతుంది. ఆపరేషన్ కత్తులకూ ఇలాంటి ఏర్పాటే కావాలి.

చెయ్యి విరిగి పిండికట్టు వేయించుకున్న పిల్లలు ఇక్కడ ఉండే ఉంటారు. కట్టు కోసే రంపం చూసి ఏడ్చి ఉంటారు. ఆ రంపం గుండ్రంగా తిరగదు. అతి కొద్ది మేర అటూ ఇటూ వేగంగా కదులుతుంది. గట్టి పిండికట్టు కదలదు కనుక తెగుతుంది. మెత్తని చర్మం రంపంతో పాటే కదులుతుంది కనుక సాధారణంగా తెగదు. అయితే బ్లేడు వేడెక్కితే కాలుతుంది, చర్మం మీద ఈడిస్తే గీసుకుంటుంది. అంటే యంత్రం ఉన్నా పనితనం కావాలి.

హంగరీలో యానోష్ వెరెష్ అనే వైద్యుడు క్షయరోగుల ఛాతీలోకి గాలి పంపేందుకు ఒక సూది తయారుచేసి, 1938లో దాని వివరాలు ప్రచురించాడు. పైది వాడి సూది. లోపల స్ప్రింగు మీద మొద్దు కడ్డీ. గట్టి కండరం అడ్డుపడితే కడ్డీ వెనక్కి పోతుంది, సూది గుచ్చుకుంటుంది. లోపలి ఖాళీ చేరి అడ్డు తొలగగానే కడ్డీ ముందుకు దూకి మొనను కాస్తుంది. ఈనాటికీ లాపరోస్కోపీలో పొట్టలోకి గ్యాస్ నింపడానికి ఈ సూదినే వాడుతున్నారు.

ఇదే ఆలోచనతో, పొట్టలోకి గొట్టం దించే ట్రోకార్ అనే సాధనానికి స్ప్రింగు తొడుగు పెట్టి "సేఫ్టీ" అని అమ్మారు. కాని మొన పూర్తిగా లోపలికి దిగాకే తొడుగు ముందుకు వస్తుంది. ఆ క్షణకాలం మొన బయటే ఉంటుంది. గాయాలు తగ్గాయని రుజువు లేనందున, 1996లో అమెరికా ఎఫ్.డి.ఎ. ఆ మాటను లేబుళ్ల నుంచి తీసేయమని తయారీదారులను కోరింది. పేరు పెట్టినంత మాత్రాన భద్రత రాదు.

ఇక స్కాల్పెల్. పిడి వేరు, బ్లేడు వేరుగా ఉండే స్కాల్పెల్‌కు 1915లో అమెరికాలో మోర్గన్ పార్కర్ పేటెంటు పొందాడు. ప్రతిసారీ కొత్త బ్లేడు దొరికింది, సానపట్టే పని తప్పింది. కాని బ్లేడు బిగించడం, ఊడదీయడం అనే కొత్త ప్రమాదం వచ్చింది. దానికి మందుగా బ్లేడు పిడిలోకి వెనక్కి పోయేవి, తొడుగు ముందుకు జరిగేవి వచ్చాయి. తయారుచేసేవాడు ఎన్ని చూడాలో గమనించండి. రక్తంతో తడిసిన గ్లవ్‌తో, ఒంటిచేత్తో మూయగలగాలి. వేళ్లు ఎప్పుడూ మొన వెనకాలే ఉండాలి. మూతపడినట్టు కంటికో చెవికో తెలియాలి. పారేసేటప్పుడు వేసిన తాళం మళ్లీ ఊడకూడదు. ఇన్ని చేసినా పిడి లావై, బరువెక్కి, కోసే చోటు కనబడకపోతే సర్జన్ దాన్ని పక్కన పెట్టేస్తాడు. వాడని భద్రత ఎవరినీ కాపాడదు.

అందుకే 2000లో అమెరికా చేసిన చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది. భద్రత ఉన్న సూదులు, కత్తులు ఎంచుకునేటప్పుడు, రోగి దగ్గర పనిచేసే సిబ్బంది అభిప్రాయం యాజమాన్యం అడిగి తీరాలి. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, వాడిన బ్లేడ్లను గుచ్చినా చిల్లుపడని తెల్లని అర్ధపారదర్శక డబ్బాలో వేయాలి. మంచిదే. కాని బ్లేడు డబ్బాదాకా చేరేలోపు ఒక మనిషి చెయ్యి ఉంది.

మా మేనకోడలు, తోటి నర్సులు కలిసి అర్జీ రాశారు. కొన్ని నెలలకు బ్లేడు ఊడదీసే పెట్టె వచ్చింది. కత్తిని అందులో దూర్చి లాగితే బ్లేడు లోపలే ఉండిపోతుంది. రెండో చెయ్యి దగ్గరికే పోనక్కర్లేదు.

ఇంజనీరింగు, డిప్లొమా చదివే పిల్లలూ, మీరు ఏ వస్తువు తయారుచేసినా అది ఎవరి చేతిలో ఉంటుందో వెళ్లి చూడండి. ఎనిమిదో ఆపరేషన్ వేళ చూడండి. నర్సింగు పిల్లలూ, వేలు తెగితే సిగ్గుపడి దాచకండి. వెంటనే సబ్బునీళ్లతో కడిగి రిపోర్టు చేయండి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటకూడదు. తల్లిదండ్రులారా, పని చోట ఫలానాది బాగాలేదని మీ బిడ్డ చెబితే, నాలాగా "జాగ్రత్తగా ఉండమ్మా" అని ఊరుకోకండి. అర్జీ రాయమనండి.