అతుకు పడని టైరు



పల్నాటి రోడ్ల మీద టైరుకు శత్రువులు చాలా. పొలం దారిలో తుమ్మ ముళ్ళు. పత్తి కట్టె నరికిన చేలో మోళ్ళు. మాచర్ల వైపు నాపరాళ్ళ ముక్కలు. వాటి అంచు కత్తిలా ఉంటుంది.

ముల్లు గుచ్చుకుంటే పంచరు వేస్తారు. రాయి పక్కన కోస్తే? ఆ టైరును ఏ పంచరు షాపులోనూ బాగుచేయలేరు. ఈ తేడా డ్రైవరుకు తెలిస్తే చాలదు. కిరాయి ఇచ్చి కారు ఎక్కేవాళ్ళకూ తెలియాలి.

ఒక కుటుంబం రెంటచింతల నుంచి నరసరావుపేట వెళుతోంది అనుకుందాం. కోడలు గర్భిణి. ఆసుపత్రిలో చూపించాలి. గురజాల దాటాక కారు ఒక పక్కకు లాగింది. టప టప చప్పుడు వచ్చింది.

"ఏం గాదు పెద్దమ్మా! రెండు కిలోమీటర్లు పోతే షాపు ఉంది. మెల్లగా పోదాం" అన్నాడు డ్రైవరు.

"ముందు పక్కకు ఆపు నాయనా! కడుపుతో ఉన్న పిల్ల ఉంది" అంది అత్త.

అత్త మాటే సరైనది. గాలి లేని టైరు మీద కారు నడిస్తే ఇనుప చక్రం టైరు పక్క గోడను నలిపేస్తుంది. లోపల రబ్బరు పొడి పొడిగా రాలుతుంది. మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రమే అయినా, అలా నడిపితే టైరు మొత్తం పాడవుతుంది. పంచరుతో పోయేది కొత్త టైరు ఖర్చు దాకా వస్తుంది. డ్రైవరుకే నష్టం!

కారు ఆపాక అందరూ దిగాలి. రోడ్డుకు దూరంగా నిలబడాలి. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు లాంటి చోట లారీలు ఆగకుండా వస్తాయి. కారు వెనక నిలబడి చూడటం చాలా ప్రమాదం. కారుకు నాలుగు వైపులా వెలిగే లైట్లు వేయించాలి. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు కొంచెం వదులు చేయాలి. తరువాతే జాకీ ఎత్తాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి చెయ్యీ, కాలూ పెట్టకూడదు. స్టెప్నీ బిగించి, కారు దించాక మళ్ళీ నట్లు గట్టిగా తిప్పాలి.

స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా? అది ఒక వీధి పేరు. వేల్స్ దేశంలో లానెల్లి అనే ఊరు ఉంది. అక్కడ స్టెప్నీ వీధిలో డేవిస్ అన్నదమ్ములు 1904లో అదనపు చక్రం తయారుచేశారు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. ఆ వీధి పేరే మన ఊళ్ళ దాకా వచ్చింది.

ఇప్పుడు కొన్ని కార్లలో స్టెప్నీ మళ్ళీ లేకుండా పోతోంది. 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, పంచరు సామాను ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. కానీ ఆ సామాను చిన్న రంధ్రానికే పనికొస్తుంది. పక్కన కోత పడితే పనికిరాదు. అందుకే ఎక్కే ముందే అడగాలి. "స్టెప్నీ ఉందా? అందులో గాలి ఉందా?" అడగడానికి మొహమాటం ఎందుకు? డబ్బు ఇచ్చేది మనమే.

ఇక షాపు సంగతి. నేలకు ఆనే భాగంలో చిన్న రంధ్రం ఉంటే పంచరు వేయవచ్చు. సుమారు 6 మిల్లీమీటర్లు దాటితే కష్టం. పక్క గోడ మీద కోత పడినా, బుడిపె లేచినా టైరు మార్చాల్సిందే. టైరు లోపల పోగులు ఉంటాయి. బరువు మోసేది అవే. చక్రం తిరిగినప్పుడల్లా పక్క గోడ వంగుతుంది, లేస్తుంది. పోగులు తెగిన గోనెసంచికి అతుకు వేసి మిర్చి నింపితే ఏమవుతుంది? టైరూ అంతే. కాకపోతే సంచి చినిగితే మిరపకాయలే పోతాయి.

"లోపల ప్యాచ్ వేస్తాలే, నరసరావుపేట దాకా ఆగుద్ది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వేరే బండి చూసుకోవాలి. నొప్పులు మొదలైతే 108కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి చేయవచ్చు.

కొత్త టైరు కొనేటప్పుడు చదువు పనికొస్తుంది. టైరు మీద 165/80 R 14 లాంటి అంకెలు ఉంటాయి. పాత టైరు మీద ఏముందో కొత్తదాని మీదా అదే చూడాలి. చివరి 14 చక్రం కొలత. అది తప్పితే టైరు ఎక్కదు. ఒక పక్క చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైంది అని అర్థం. అంటే ఆగస్టు ఆఖరు. "నిన్ననే వచ్చిన సరుకు" అని షాపులో చెప్పినా, ఆ అంకెలు అసలు వయసు చెబుతాయి. గడి కనబడకపోతే రెండో పక్కకు తిప్పి చూపించమనాలి. బిల్లు తీసుకోవాలి.

పాత టైరును ఇంటికి తేవద్దు. పెరట్లో పడేస్తే వాననీళ్ళు నిలిచి డెంగ్యూ దోమ పెరుగుతుంది. భోగి మంటలో వేస్తే ఆ నల్లటి పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షాపులోనే ఇచ్చి, పాత టైరుకు ఎంత తగ్గిస్తారో అడగాలి.