పనిని పంచే విద్య
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"క్లౌడ్‌లో పెద్ద పెద్ద బ్యాచ్ పనులు చేస్తున్నారట, అదేమిటో అర్థమయ్యేటట్లు చెప్పండి" అని సంఘం పెద్దలు మమ్ములను కోరినారు.

క్లౌడ్ అనగా మబ్బు. ఇక్కడ మాత్రం, పెద్ద భవనాలలో వేల కంప్యూటర్లు పెట్టి, వాడుకున్నంత సేపటికి కిరాయి తీసుకొనే ఏర్పాటుకు ఆ పేరు పెట్టినారు. అమెజాన్ కంపెనీ 2006లో ఈ కిరాయి మొదలుపెట్టింది. 2022 నవంబరులో హైదరాబాదులోనూ కేంద్రాలు తెరిచింది.

బ్యాచ్ అనే మాట బోధన్ వారికి కొత్తది కాదు. చక్కెర ఫ్యాక్టరీలో పాన్ నింపి, ఉడికించి, దించి, మళ్లీ నింపుదురు. ఒకసారి దించినది ఒక బ్యాచ్. పక్కపక్కన నాలుగు పాన్‌లు ఒకేసారి ఉడికితే అదే సమాంతర పని.

మా ఉపాధ్యాయుల లెక్కలో చెప్పాలంటే, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ చూడండి. జవాబు పత్రాలు కట్టలుగా పంచుతారు. ఒకరి కట్టతో ఇంకొకరికి పని లేదు, అందరూ ఒకేసారి దిద్దుతారు. ఒక మాస్టరు రాకపోతే ఆయన కట్ట మరొకరికి పోతుంది. కాని ఫలితాలు తీయుటకు చివరి కట్ట వచ్చేదాకా ఆగవలసిందే. క్లౌడ్‌లో ఇట్లా కట్టలు పంచుటకు షెడ్యూలర్ అనే ప్రోగ్రాము ఉంటుంది.

అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2007లో తన పాత సంచికలలోని 1 కోటి 10 లక్షల వ్యాసాలను 100 కిరాయి కంప్యూటర్లపై సుమారు ఒక్క దినంలో పీడీఎఫ్‌లుగా మార్చుకున్నది. ఏ వ్యాసమూ ఇంకొకదాని కొరకు ఆగనవసరం లేదు గనుక అది సాధ్యమైనది.

దీనికి ఒక హద్దు కలదు. పనిలో పదో వంతు పంచుటకు వీలుకానిదైతే, వెయ్యి యంత్రాలు పెట్టినా వేగం పది రెట్లు దాటదు. జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీరు 1967లో చెప్పిన దాని సారాంశమిది. కిరాయి విషయంలోనూ జాగ్రత్త కావాలె. ఖాళీగా ఉన్న యంత్రాలను అమెజాన్ వారు చాలా చౌకగా ఇస్తారు గాని, అవసరం పడితే రెండు నిమిషాల నోటీసుతో తీసుకుంటారు. చేసినంత పనిని ఎప్పటికప్పుడు భద్రపరచాలె. పని కాగానే యంత్రాన్ని ఆపాలె, లేకుంటే ఆటో మీటరు లెక్క బిల్లు తిరుగుతూనే ఉంటుంది.

ఇది మనకెందుకు అంటారేమో. బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడినది. దానిని నమ్ముకున్న ఇండ్ల పిల్లలు వేరే దారి వెతుక్కోవలసి వచ్చినది. నిజామాబాదులో 2023లో ఐటీ టవర్ తెరిచినారు. అక్కడి మెట్లెక్కుటకు చదువు కావాలె. ఉర్దూ మీడియం పిల్లలు "ఇది మాతో కాదు సార్" అంటే మాకు బాధ కలుగును. పనిని ముక్కలు చేయుట, ఏది దేని కొరకు ఆగునో తెలుసుకొనుట, ఖర్చు లెక్క కట్టుట ఏ భాషలోనైనా నేర్పవచ్చును. ఇంగ్లీషు దానితోపాటే నేర్పుదాం.

మన ఇండ్లలో చెదలు పడుతున్న పాత ఉర్దూ కితాబులు ఉన్నవి. వాటి పేజీలను ఫోటోలు తీసి భద్రపరచుట కూడా పంచుకొనుటకు అనువైన పనే, ఒక పేజీ ఇంకొక పేజీ కొరకు ఆగదు. పిల్లలు మొదట దీనిపైననే చేయి తిప్పుకోవచ్చును. సంఘం వారు ఎండాకాలం సెలవులలో తరగతి పెడితే చెప్పుటకు మేము సిద్ధం. ఆడపిల్లలను కూడా పంపించండి.

సెలవు. ఖుదా హాఫిజ్.