ఉత్తరం కొత్తదని ఎవరు చెప్పారు?

గ్రంథాలయంలో కంప్యూటర్ల మీద మాట్లాడమని కార్యదర్శి గారు పిలిస్తే, నేను ఎత్తుకున్న ప్రశ్న చూసి ఆయనే నవ్వారు. కొత్త ఈమెయిల్ వచ్చిందని ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుంది? అంతే ప్రశ్న.

యూనిక్స్ కంప్యూటర్లలో ఒక మనిషికి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో పడేవి. దాన్ని ఎంబాక్స్ అంటారు. కిరాణా కొట్టు చిట్టా అనుకోండి, అడుగున కొత్త పద్దు రాస్తూ పోవడమే. ఒక ఉత్తరం అయిపోయి ఇంకోటి మొదలైందనడానికి గుర్తు, లైను మొదట్లో 'ఫ్రమ్' అనే ఇంగ్లీషు మాట, దాని పక్కన ఖాళీ. మరి ఉత్తరం మధ్యలో ఎవరైనా ఒక లైనును అదే మాటతో మొదలుపెడితే? ఒక ఉత్తరం రెండు ముక్కలవుతుంది. అందుకని ఆ మాట ముందు ఒక బాణం గుర్తు తగిలించేవారు. పాత ఈమెయిళ్లలో వాక్యం ముందు అర్థంలేని గుర్తు కనిపించిందంటే ఈ మరమ్మతే.

ఇక అసలు సంగతి. ఇన్ని ఉత్తరాలున్న ఫైలును నిమిషానికోసారి మొదటి నుంచి చివరిదాకా చదివి చూడటం దండగ. మనం టైపు చేసే ఆదేశాలను అందుకునే బ్యాష్ అనే షెల్ ప్రోగ్రాము మామూలుగా 60 సెకన్లకోసారి చూస్తుంది, కానీ ఫైలు తెరవదు. ప్రతి ఫైలు మీదా కంప్యూటరు రెండు టైములు రాసి పెడుతుంది: చివరిసారి ఎప్పుడు రాశారు, చివరిసారి ఎప్పుడు చదివారు. మీరు 10:05కి ఉత్తరాలు చూసుకున్నారు. 10:12కి ఒకటి వచ్చి పడింది. రాసిన టైము చదివిన టైముని దాటింది కాబట్టి కొత్త ఉత్తరం ఉన్నట్టే. 10:20కి మీరు తెరిచి చూస్తే లెక్క తిరగబడుతుంది. రెండు అంకెలు పోల్చడమే, ఇంకేమీ లేదు. నాకైతే ఇది ముచ్చటైన ఉపాయం.

చిక్కల్లా 'చదవడం' అనే మాటతోనే. చదివింది ఎవరో ఆ టైముకు తెలియదు.

చాలా ఏళ్ల కిందట నేనొక ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. రాత్రి రెండింటికి బ్యాకప్ నడిచేలా పెట్టాను. అది బుద్ధిగా అందరి మెయిల్‌బాక్సులూ చదివి టేపు మీదికి ఎక్కించేది. పొద్దున్నే వచ్చిన వాళ్లకి తెర మీద "కొత్త ఉత్తరం" అన్న కబురే లేదు! అర్ధరాత్రి వచ్చిన ఉత్తరాలు లోపల భద్రంగానే ఉన్నాయి. కానీ నా బ్యాకప్ ముందే చదివేసిందిగా, అవి పాతబడిపోయాయి. "ఏమండీ, మా ఉత్తరాలు మీరు చదువుతున్నారా?" అని ఒక పెద్దావిడ అడిగేశారు. మూడు రోజులు తల పట్టుకున్నాక గానీ కారణం దొరకలేదు. బ్యాకప్ తీసే టార్ అనే ప్రోగ్రాములో, చదివాక ఆ టైమును మళ్లీ పాతచోటే పెట్టే వెసులుబాటు ఉంది. కవరుకు ఆవిరి పట్టి విప్పి చూసి, తిరిగి అంటించినట్టన్నమాట.

ఇంకో తిరకాసు. ఉత్తరం చెరిపేసినా ఫైలు తిరగరాసినట్టే. మీరు చెత్త తీసేస్తే కొత్త ఉత్తరం వచ్చిందని కంప్యూటరు పొంగిపోకుండా, ఆ టైములను మెయిల్ ప్రోగ్రామే సర్దాలి.

చదివిన టైము రాసుకోవడానికి ఖర్చు కూడా ఉంది. ఈ హాల్లో ఎవరు ఏ పుస్తకం తిరగేసినా లైబ్రేరియన్ గారు లేచి రిజిస్టరులో టైము వేయాలంటే ఆయనకి ఇంకో పని జరుగుతుందా? చదివిన ప్రతిసారీ డిస్కు మీద రాయడం అలాంటిదే. 2007లో, యూనిక్స్ లాంటిదే అయిన లినక్స్ నిర్మాతల్లో ఒకరైన ఇంగో మోల్నార్ ఈ పద్ధతిని గట్టిగా దుయ్యబట్టారు. సరే, పూర్తిగా ఆపేద్దామంటే, చదివిన టైము కదలక మెయిల్‌బాక్స్ ఎప్పటికీ కొత్తదిగానే కనిపిస్తుంది. చివరికి మధ్యేమార్గం దొరికింది: చదివిన టైము రాసిన టైము కన్నా వెనకబడి ఉంటేనే మార్చడం, లేదా 24 గంటలు దాటితే మార్చడం. 2009లో వచ్చిన 2.6.30 లినక్స్ నుంచి మామూలుగా జరిగేది ఇదే. మెయిల్ ప్రోగ్రాముల లెక్క చెడకపోవడమే ఈ ఏర్పాటుకు ముఖ్య కారణం. ఇంత పెద్ద లినక్స్ ఒక చిట్టా కోసం సర్దుకుంది మరి.

డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ఆయన ఈ గొడవంతా పక్కన పెట్టారు. ఉత్తరానికో ఫైలు. కొత్తవి ఒక అరలో, చూసినవి ఇంకో అరలో. కొత్త అరలో ఏదైనా ఉందా అని చూస్తే సరి. దాని పేరు మెయిల్‌డిర్. నా ఓటు దానికే.

ఇప్పుడు మీ ఫోనులో చదవని ఉత్తరం లావు అక్షరాల్లో కనిపిస్తుంది కదా, దానికి ఈ టైములతో పని లేదు. ఐమ్యాప్ పద్ధతిలో ప్రతి ఉత్తరానికీ సర్వరు విడిగా 'చూశారు' అనే గుర్తు పెడుతుంది. మీ మనవడు మీ ఫోను తీసి తెరిచినా ఆ గుర్తు పడుతుంది.

నా లాప్‌టాప్‌లో ఒక ఎంబాక్స్ ఫైలు పెట్టాను. టీ అయ్యాక ఇటు రండి, రెండు టైములూ మీ కళ్లతోనే చూద్దురు గాని.